ఊరి చెరువు దగ్గర ఏటా నీటి వారం: నడిపే పద్ధతి

మార్చి 22 ప్రపంచ నీటి దినం. 1992లో రియో డి జనీరో సదస్సులో పుట్టిన ఆలోచన ఇది. అదే ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్య సమితి తీర్మానం చేసింది, 1993 నుంచి జరుపుకుంటున్నాం. బడుల్లో ఆ రోజు ఊరేగింపు, నినాదాలు, ప్రతిజ్ఞ ఉంటాయి. భూమి మీదున్న నీటిలో మంచినీరు రెండున్నర శాతమేనని, అందులోనూ ఎక్కువ భాగం మంచుగడ్డల్లో ఉందని పిల్లలు గడగడా అప్పజెబుతారు. ఆ లెక్క నిజమే. కానీ అందులో మన ఊరి చెరువు ఎక్కడా కనిపించదు కాబట్టి సాయంత్రానికే ఊరు దాన్ని మరిచిపోతుంది.

నేను కడప జిల్లా బద్వేలు వైపు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను, ఏటా పిల్లలతో నీటి వారం నడుపుతాను. ఈ పని తలపెట్టే వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఒక్క చెరువును పట్టుకోండి. ఏటా అదే తేదీన, అదే రాయి దగ్గర, అదే కొలత తీయండి. నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె రాసిన గోడ ముందు ఊరు ఆగుతుంది. నినాదం ముందు ఆగదు.

తేదీ సంగతి ముందు తేల్చుకోవాలి. మార్చి 22 నాటికి పదో తరగతి వాళ్లు పరీక్షల్లో ఉంటారు, చిన్న తరగతులకు ఒంటిపూట బడులు మొదలవుతాయి. అందుకని ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకోండి. మరుసటి ఏడు వాళ్లే తొమ్మిదిలో ఉండి కొత్తవాళ్లకు పని నేర్పుతారు. ఎండ ముదరక ముందే, ఉదయం తొమ్మిదిలోపు గట్టు మీది పని ముగించాలి. నీరు అడుగంటే రోజులు కావడం వల్ల ఈ తేదీ కొలతకు సరిగ్గా సరిపోతుంది. నీరు నిండిన కాలంలో కూడా ఒక కొలత కావాలి. మాకు ఈశాన్య రుతుపవనాల వానలూ పడతాయి కాబట్టి అది డిసెంబరు మొదట్లో తీస్తాం. తెలంగాణలో ప్రధానంగా నైరుతి వానలే. అక్కడ సెప్టెంబరు నెలాఖరున ఒక తేదీ ఖాయం చేసుకుని కొలిచి, ఆ అంకెను బతుకమ్మ నాడు చెరువు దగ్గర చదివి వినిపించవచ్చు. ఊరంతా ఎలాగూ అక్కడికే వస్తుంది.

మొదటి రోజు గట్టు నడక. ఆయకట్టులో (చెరువు నీటితో సాగయ్యే నేలలో) పెద్ద రైతునో, నీరుగంటి పని (చెరువు నీళ్లు పొలాలకు పంచే పని) చేసిన ఇంటి మనిషినో బతిమాలి తీసుకురండి. ఉపన్యాసం అడగవద్దు, నడుస్తూ చూపించమనండి. తూము ఎక్కడ కారుతోంది, మరవ (చెరువు నిండితే నీరు పొర్లిపోయే చోటు) రాళ్లు ఏ వైపు కదిలాయి, గట్టు మీద సర్కారు కంప ఎంత దూరం అల్లుకుంది, వంక నుంచి చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ ఎవరి చేలో సన్నబడింది. పిల్లలు రాసుకుంటారు. ఈ చివరి ప్రశ్న దగ్గర గొంతులు లేస్తాయి. ఆక్రమణ ఎవరిదో పేరు రాయించకండి, కాలువ వెడల్పు మాత్రం కొలిపించండి. పేరు రాస్తే తగువు మిగులుతుంది, కొలత రాస్తే పంచాయతీ ముందు పెట్టడానికి ఆధారం మిగులుతుంది.

రెండో రోజుకు మాకు ఒక గొప్ప సాధనం దగ్గరలోనే ఉంది. పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఆ కథ చెబుతుంది. వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోసే వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో వరసగా ఉన్నాయి. గట్టు నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం. ఈ ఆరింటినీ ఒక కాగితం మీద గళ్లు గీసి పిల్లల చేతికివ్వండి. మన చెరువుకు ఏ దోషం ఉందో వాళ్లే తేల్చాలి. పూడిక పేరుకుని నడుమ లేచిన మిట్టను చూసి, ఇది నాలుగో దోషం అని పదమూడేళ్ల పిల్ల వేలు పెట్టి చూపిస్తుంది. ఐదో దోషం దగ్గర రైతులే మాట్లాడడం మొదలుపెడతారు, ఎందుకంటే బోర్లు వచ్చాక ఆయకట్టు ఎంతో, నీరెంతో అన్న లెక్క తప్పింది. ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ జాబితాను మించిన అవగాహన పత్రం నేనింతవరకు చూడలేదు.

ఇక కొలతలు. తూము రాతి మీద సెంటీమీటర్ల గీతలు పెయింటుతో గీయించండి, లోతు చదవడం అప్పుడు క్షణం పని. నీటి అంచుకు మాత్రం పెద్దవాళ్లే వెళ్లాలి. పూడిక బురదలో కాలు కూరుకుపోతే బయటికి రావడం కష్టం, అందుకే ఈ నియమాన్ని ఎవరి కోసమూ సడలించకండి. పాత బావికైతే టేపుకు బరువు కట్టి వదిలి, నీరు తగిలిన చోటు చదవాలి. పక్కనున్న మోటార్లు ముందు రోజు సాయంత్రం నుంచి ఆపించకపోతే ఆ కొలత నమ్మదగినది కాదు. వాన కొలవడానికి నిలువు గోడల డబ్బా, స్కేలు చాలు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద పది మిల్లీమీటర్లు పడితే వెయ్యి లీటర్లు. ఈ లెక్క ప్రతి పిల్ల తన ఇంటి మిద్దెకు వేసుకుని, ఇంట్లో వాళ్లకు చూపించి సంతకం పెట్టించుకుని రావాలి. మా జిల్లాలో ఏడాదికి సగటున ఏడు వందల మిల్లీమీటర్లు పడుతుంది, మిగతా గుణకారం వాళ్లదే.

రైతులు కలిసి రారేమోనని వెనకాడవద్దు. ఉమ్మడి రాష్ట్రంలో కడపతో సహా ఏడు కరవు జిల్లాల్లో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే తమ బోర్ల నీటిమట్టం కొలిచి ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని నీటి బడ్జెట్, అంటే ఉన్న నీరెంత, పంటలకు కావాల్సిందెంత అన్న లెక్క, వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు, అంకెలు చూసి నిర్ణయం వాళ్లే తీసుకున్నారు. మన వారం కూడా ఆ దారినే నడవాలి.

చివరి సాయంత్రం సభ రచ్చబండ దగ్గర పెట్టండి, బడిలో వద్దు. ముఖ్య అతిథి కోసం గంటలకొద్దీ కాచుకునే సభకు పొలం నుంచి వచ్చిన మనిషి నిలవడు. ముందు రోజు దండోరా వేయించండి, పొదుపు సంఘాల మహిళలకు విడిగా చెప్పండి. ఇంటి నీటి పొదుపు వాళ్ల చేతుల్లో ఉంది. ఫ్లెక్సీల జోలికి పోకండి, గాలికి చిరిగి చివరికి చెరువులోకే చేరతాయి. సున్నం కొట్టిన గోడ మీద అంకెలు రాస్తే ఏడాదంతా ఉంటాయి. సభలో పిల్లలు అంకెలు చదవాలి, ఆ ఏటికి ఒక్క పని మాత్రమే అడగాలి. ఒక ఏడు గట్టు మీది కంప తీయడం, మరో ఏడు వీధి కుళాయిలన్నిటికీ తిప్పే చెవులు, ఇంకో ఏడు మట్టి వినాయకులు. పది కోరికలు కోరితే ఒక్కటీ తీరదు. పూడికతీత లాంటి పెద్ద పనికైతే జలవనరుల శాఖ అనుమతి కావాలి, కాబట్టి సభలోనే సర్పంచి చేత అర్జీ మీద సంతకం చేయించి మరునాడే పంపండి.

రిజిస్టరు రెండు ప్రతులు ఉండాలి: ఒకటి బడిలో, ఒకటి పంచాయతీలో. టీచర్లకు బదిలీలు తప్పవు, సర్పంచులు మారతారు. కాబట్టి మొదటి పేజీలో కొలత తీసే రాయి ఎక్కడుందో, ఏ తేదీన తీయాలో, మోటార్లు ఎప్పుడు ఆపించాలో కొత్తవాళ్లకు అర్థమయ్యేలా రాసి పెట్టండి. తూము గీతలు కనిపించేలా తీసిన ఫోటో ఒకటి దాని పక్కనే అంటించండి.