మార్కుల లెక్క – 4వ పాఠం: ట్యూషన్ పిల్లలకి తక్కువెందుకొచ్చాయి?

ముందు పోయిన పాఠం అభ్యాసం సరిచూసుకుందాం. రెండు సెక్షన్ల లెక్కల మార్కులు ఇచ్చాను. ఒకదాంట్లో 50, 52, 55, 58, 60. రెండోదాంట్లో 20, 40, 55, 70, 90. రెండింటికీ సగటు 55. సగటుకి ఒక్కొక్కరు ఎంత దూరంలో ఉన్నారో చూసి, ఆ దూరాన్ని వర్గం చేసి కూడితే మొదటి సెక్షన్‌కి 68, రెండోదానికి 2,900 రావాలి. రెండు చోట్లా సున్నా వచ్చిందంటే వర్గం చేయడం మర్చిపోయారన్నమాట. ప్లస్‌లూ మైనస్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

ఈ సంఖ్యని మనం ‘మొత్తం తేడా’ అంటున్నాం. పాఠ్యపుస్తకాల్లో విచలనాల వర్గాల మొత్తం అని ఉంటుంది. ఇవాళ ఆ మొత్తంలో ఒక కారణం వాటా ఎంతో తీయడం నేర్చుకుందాం. తీశాక ఆ వాటాని వెంటనే నమ్మకుండా ఉండటం కూడా నేర్చుకోవాలి. మొదటిది పావుగంట పని. రెండోది నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కాగితం, పెన్సిల్ తీసుకోండి. ఇవి లెక్క తేలిగ్గా తెగడానికి నేను కల్పించిన మార్కులు.

ట్యూషన్‌కి వెళ్ళే ఐదుగురు: 39, 44, 47, 50, 80
వెళ్ళని ఐదుగురు: 40, 70, 73, 77, 80

పదిమంది సగటు 60. ఒక్కొక్కరి దూరం వర్గం చేసి కూడండి. 39కి దూరం 21, వర్గం 441. 44కి 16, అంటే 256. ఇలా చివరిదాకా పోతే 2,724 వస్తుంది. ఇదీ మొత్తం తేడా.

ఇప్పుడు అసలు కిటుకు. ప్రతి పిల్లవాడి మార్కూ చెరిపేసి, వాడి గుంపు సగటు రాయండి. ట్యూషన్ గుంపు సగటు 52, కాబట్టి ఐదుసార్లు 52. రెండో గుంపు సగటు 68, కాబట్టి ఐదుసార్లు 68. గుంపులోపలి తేడాలన్నీ మాయమయ్యాయి, గుంపుల మధ్య తేడా ఒక్కటే మిగిలింది. మళ్ళీ 60 నుంచి దూరాలు తీయండి. అందరికీ 8 చొప్పునే, వర్గం 64, పదిమందికి 640.

640ని 2,724తో భాగిస్తే సుమారు 23.5 శాతం. ‘మార్కుల తేడాలో 23.5 శాతాన్ని ట్యూషన్ వివరిస్తోంది’ అని నివేదికల్లో రాసేది ఈ సంఖ్యనే. సరిచూసుకోవాలంటే గుంపులోపలి తేడాలు విడిగా లెక్కేయండి. ట్యూషన్ గుంపులో 52 నుంచి దూరాల వర్గాలు 1,046, రెండో గుంపులో 68 నుంచి 1,038. రెండూ, 640 కలిపితే 2,724 సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో కూడికలో జారారు.

బాగానే ఉంది. కానీ ఈ లెక్క చూసినవాళ్ళెవరైనా ఏమంటారు? ట్యూషన్‌కి పోతే 16 మార్కులు తగ్గుతున్నాయి, మాన్పించేయండి అంటారు. నేనూ ఒకప్పుడు సరిగ్గా ఇలాంటి పట్టికే వేసి, ఒక మీటింగ్‌లో చాలా ధీమాగా ఆ మాటే అన్నాను. వెనక కూర్చున్న ఒకావిడ, “మావాడికి లెక్కలు రాకే కదండీ పంపింది” అంది. ఇంక నా దగ్గర మాట లేదు.

ఆవిడ అన్నదాన్ని లెక్కలో పెడదాం. పదిమందికీ పోయినేడు వచ్చిన మార్కులు తెలుసనుకోండి. 39, 44, 47, 50, 40 వచ్చిన ఐదుగురూ పోయినేడు కూడా వెనకబడినవాళ్ళే. మిగతా ఐదుగురూ ముందున్నవాళ్ళు. ఇప్పుడు వెనకబడినవాళ్ళని వెనకబడినవాళ్ళతోనే, ముందున్నవాళ్ళని ముందున్నవాళ్ళతోనే పోల్చండి.

వెనకబడినవాళ్ళలో ట్యూషన్‌కి వెళ్ళే నలుగురి సగటు 45, వెళ్ళని ఒక్కడికి 40. ముందున్నవాళ్ళలో ట్యూషన్‌కి వెళ్ళేవాడికి 80, వెళ్ళని నలుగురి సగటు 75. రెండు చోట్లా ట్యూషన్ పిల్లలకే 5 మార్కులు ఎక్కువ!

మార్కులు అవే, పిల్లలు వాళ్ళే. కలిపి చూస్తే 16 తక్కువ, విడదీసి చూస్తే 5 ఎక్కువ. దీన్ని సింప్సన్ విరోధాభాసం అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో రాసిన వ్యాసం వల్ల ఆ పేరొచ్చింది. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ట్యూషన్ గుంపులో ఐదుగురిలో నలుగురు ముందునుంచీ వెనకబడినవాళ్ళే, రెండో గుంపులో ఒక్కడే అలాంటివాడు అన్న సంగతి మాత్రం మర్చిపోకండి. ఈ పొంతన కుదరని పోలికే 16 మార్కుల లోటుగా కనిపించింది.

పోయినేటి స్థాయి వాటా కూడా తీయండి. వెనకబడిన ఐదుగురి సగటు 44, ముందున్నవాళ్ళది 76. 60 నుంచి దూరం 16, వర్గం 256, పదిమందికి 2,560. అంటే 2,724లో సుమారు 94 శాతం. నిజం పరీక్షల్లో ఇంత రాదు, నేను కావాలనే గట్టిగా పెట్టాను. కానీ ఈ ఏటి మార్కుని పోయినేటి మార్కు చాలావరకు పట్టిచ్చేస్తుందన్నది నిజమే. అందుకే ఏ కారణాన్ని తూచాలన్నా ముందు అడగాల్సింది: ఈ రెండు గుంపులూ మొదలుపెట్టిన చోటు ఒకటేనా?

వాటా గురించి ఇంకో రెండు మాటలు.

పదిమందినీ ట్యూషన్‌కి పంపారనుకోండి. అప్పుడు ట్యూషన్ వాటా ఎంత? సున్నా. అందరూ వెళ్తుంటే దానివల్ల ఒకరికీ ఇంకొకరికీ మధ్య తేడా ఏముంటుంది? ట్యూషన్ వల్ల అందరికీ తలా ఐదు మార్కులు పెరిగినా వాటా సున్నాయే. కాబట్టి వాటా తక్కువంటే ఆ కారణం పనికిరానిదని కాదు. అమెరికాలో 1966లో జేమ్స్ కోల్‌మన్ బృందం లక్షల మంది పిల్లల పరీక్ష మార్కులు పరిశీలించి, బడి వసతుల కంటే ఇంటి నేపథ్యానికే మార్కుల తేడాతో ఎక్కువ సంబంధం కనిపిస్తోందని నివేదిక ఇచ్చింది. చాలామంది దాన్ని ‘బడి వల్ల ఏమీ కాదు’ అని చదువుకున్నారు. బడుల మధ్య వసతుల్లో తేడా తక్కువున్నప్పుడు, ఆ వసతులు ఎంత అవసరమైనవైనా వాటా చిన్నగానే కనిపిస్తుంది. మన సున్నా లెక్క అదే చెబుతోంది.

రెండోది, సగటుల మధ్య దూరం పెద్దగా ఉన్నా వాటా చిన్నదిగా ఉండొచ్చు. ఓఈసీడీ అని, ఎక్కువగా సంపన్న దేశాలుండే సంఘం ఒకటుంది. అది 15 ఏళ్ళ పిల్లలకి పెట్టే పీసా పరీక్ష తెలుసు కదా. 2022 గణితం ఫలితాల్లో, ఓఈసీడీ దేశాల సగటున, ఆర్థికంగా సామాజికంగా పైనున్న పావు వంతు పిల్లలకీ అడుగునున్న పావు వంతుకీ మధ్య 93 పాయింట్లు తేడా వచ్చింది. చాలా పెద్ద దూరం. కానీ మొత్తం తేడాలో ఆ నేపథ్యం వాటా సుమారు 15 శాతమే. రెండూ నిజాలే. పేదింటి పిల్లల్లోనే ఒకరికీ ఒకరికీ బోలెడంత తేడా ఉంది, కలిగినవాళ్ళింట్లోనూ అంతే.

ఆడపిల్లలు, మగపిల్లల తేడా అయితే మరీ. అదే పరీక్షలో సగటున మగపిల్లలకి 9 పాయింట్లు ఎక్కువ. మన పద్ధతిలో వేయండి: సగం సగం ఉన్నారనుకుంటే మధ్య నుంచి దూరం 4.5, వర్గం సుమారు 20. పీసా కొలబద్దని మొదట ప్రామాణిక విచలనం 100 ఉండేలా కట్టారు, దాని వర్గం 10,000. ఈ వర్గమే మన మొత్తం తేడాని పిల్లల సంఖ్యతో భాగిస్తే వచ్చేది, అంటే తలసరి తేడా. 20ని 10,000తో భాగిస్తే 0.2 శాతం. ఒక పిల్లో పిల్లాడో అని తెలిసినంత మాత్రాన వాళ్ళ లెక్కల మార్కు గురించి మీకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఈ 9 పాయింట్ల మీద జరిగే వాదోపవాదాలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

మళ్ళీ ట్యూషన్ దగ్గరికి వద్దాం, ఒక ప్రమాదం చెప్పాలి. విడదీయడం అలవాటైనవాళ్ళు కనిపించిన ప్రతిదాంతోనూ విడదీస్తారు. ‘ఇంటి దగ్గర వారానికి ఎన్ని లెక్కలు చేస్తున్నాడు’ అన్నదాంతో విడదీశారనుకోండి. సమానంగా లెక్కలు చేసే పిల్లల్లో ట్యూషన్ ఉన్నా లేకున్నా మార్కులు ఒకటేనని తేలొచ్చు. ఎందుకంటే ట్యూషన్ చేసే మేలల్లా ఆ లెక్కలు చేయించడమే. ఆ దారి మీరే మూసేసి, ట్యూషన్ దండగ అంటే ఎలా? ముందు జరిగినవాటితో విడదీయండి, తర్వాత జరిగినవాటితో వద్దు. పోయినేటి మార్కు ట్యూషన్‌కి ముందుది. ఇంటి సాధన తర్వాతది.

ముందు జరిగినవి కూడా అన్నీ మనకి కనపడవు. ఒకే మార్కు వచ్చిన ఇద్దరిలో ఒకణ్ణే ట్యూషన్‌కి పంపారంటే, ఆ ఇంట్లో పట్టుదల ఎక్కువేమో. పట్టుదలని ఏ పట్టికలో రాస్తాం? దీనికి గట్టి మందు ఒక్కటే, చీటీలు వేయడం. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన స్టార్ ప్రయోగంలో అదే చేశారు. ఎవరు 13–17 మంది ఉండే చిన్న తరగతిలో కూర్చోవాలి, ఎవరు 22–25 మంది ఉండే మామూలు తరగతిలో కూర్చోవాలి అన్నది యాదృచ్ఛికంగా తేల్చారు. అంతకుముందు చిన్న తరగతుల మీద వచ్చిన పరిశీలనలకి మన ట్యూషన్ జబ్బే ఉండేది. బడులు వెనకబడినవాళ్ళనే చిన్న సెక్షన్‌లో వేస్తే ఆ సెక్షన్ మార్కులు తక్కువగానే కనిపిస్తాయి. చీటీ వేస్తే తెలివి, పట్టుదల, ఇల్లు, అన్నీ రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతాయి. లెక్కల్లోనూ చదవడంలోనూ చిన్న తరగతుల పిల్లలే ముందున్నారు.

ఇక అభ్యాసం. ఈసారి కారణం లెక్కలంటే భయం.

భయం ఉన్నవాళ్ళు: 35, 41, 44, 72
భయం లేనివాళ్ళు: 38, 66, 70, 74

మొత్తం తేడా ఎంత? అందులో భయం వాటా ఎంత శాతం? తర్వాత పోయినేటి స్థాయితో విడదీయండి. 35, 41, 44, 38 వచ్చినవాళ్ళు వెనకబడినవాళ్ళు. విడదీశాక భయం ఉన్నవాళ్ళకే రెండేసి మార్కులు ఎక్కువ వస్తాయి. అయితే భయం మంచిదేనా? జవాబు రాసేముందు, ఈ పిల్లలకి భయం ఏ తరగతిలో పట్టుకుందో, పోయినేటి మార్కు దానికి ముందుదో తర్వాతదో ఒకసారి ఆలోచించండి.

వచ్చే పాఠంలో: పోయినసారి అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళకి, ఎవరూ ఏమీ చేయకుండానే ఈసారి కాస్త ఎందుకు పెరుగుతాయి?