ఇంట్లో చేసిన బీరును నలుగురం కూర్చుని రుచి చూసే పద్ధతి

నేను టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాను. తొమ్మిదేళ్లుగా గరాజులో బీరు చేస్తున్నాను. ఒక్కో విడతకు 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. సీసాల్లోకి దించితే 355 మిల్లీలీటర్లవి యాభై దాకా వస్తాయి. యాభై సీసాలు ఒక్కడు తాగేవి కావు, తాగకూడదు కూడా. అందుకే రెండు నెలలకోసారి శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఆరుగురం కూర్చుంటాం. ఎవరు చేసిన బీరు వాళ్లు తెస్తారు. తాగడం తక్కువ, మాట్లాడుకోవడం ఎక్కువ. నా బీరు బాగుపడిందంటే ఆ మాటల వల్లే.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో 1978 అక్టోబరులో కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి అవసరానికి బీరు చేసుకోవడానికి పన్ను లేకుండా అనుమతి వచ్చింది. ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200. అమ్మకూడదు. మీ రాష్ట్రం నిబంధనలు కూడా చూసుకోండి. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, కాబట్టి అక్కడున్నవాళ్లు ఇది చదివి ప్రయత్నించవద్దు.

మొదటిసారి కూర్చున్నప్పుడు నేను పోసింది ఇంగ్లీష్ ఈస్ట్‌తో (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) చేసిన ఆంబర్ ఏల్ అనే రాగిరంగు బీరు. అందరూ "సూపర్", "బాగుంది" అన్నారు. తెనాలి అన్నయ్య ఒక్కడే గ్లాసు దించకుండా కాసేపు ఆగి, "నెయ్యి వేసిన పప్పన్నంలా కమ్మగా ఉందిరా" అన్నాడు. నేను పొంగిపోయాను. కమ్మదనం అంటే మనకు పొగడ్తే కదా. పక్కింటి పెద్దాయన బీరు పోటీలకు జడ్జిగా వెళ్తుంటాడు. ఆయన గ్లాసును రెండోసారి వాసన చూసి "డయాసిటైల్" అన్నాడు. వెన్న వాసన వేసే పదార్థం అది. ఈస్ట్ పులిసేటప్పుడు వదిలిన పదార్థం నుంచే పుడుతుంది, చివర్లో ఈస్టే మళ్లీ దాన్ని తినేస్తుంది. నేను తొందరపడి ఐదో రోజునే బీరును చల్లబరిచాను. ఈస్ట్ అడుక్కు దిగిపోయింది, వెన్న బీరులోనే ఉండిపోయింది.

ఆ రోజు అన్నయ్య నాలుక తప్పు చేయలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పింది అతనొక్కడే. దాన్ని మెచ్చుకోలు అనుకున్నది నేను. అప్పటినుంచి మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం. గ్లాసులో ఏముందో ముందు చెప్పాలి. నచ్చిందా లేదా అన్నది తర్వాత.

ఇక పద్ధతి. మొదట ఇల్లు సిద్ధం చేయాలి, మనవాళ్ల ఇళ్లలో అసలు సమస్య ఇక్కడే. శనివారం పొద్దున పూజ అయ్యాక అగరుబత్తి వాసన హాల్లో మధ్యాహ్నం దాకా ఉంటుంది. వంటింట్లో పోపు పెడితే ఇక హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) వాసన ఎవరికీ తెలియదు. ఆ రోజు పూజ పొద్దున్నే ముగించి కిటికీలు తీస్తాం, వంట సాయంత్రానికి పెట్టుకుంటాం. మిర్చి బజ్జీ, ఉల్లిపాయ పకోడీ, ఆవకాయ, ఏవీ రుచి చూడటం అయిపోయేదాకా బల్ల మీదికి రావు. ఉప్పు లేని బిస్కెట్లు, మామూలు బ్రెడ్డు, మంచినీళ్లు చాలు. సెంటు కొట్టుకుని రావొద్దని కూడా ముందే చెప్పండి.

గ్లాసులు సబ్బుతో కడిగాక నాలుగైదు సార్లు నీళ్లతో తొలిచి, బోర్లించి ఆరబెట్టండి. గుడ్డతో తుడవొద్దు. జిడ్డు గానీ సబ్బు గానీ మిగిలితే నురుగు నిలవదు. పోశాక గ్లాసు గోడకు బుడగలు అంటుకుని ఉన్నాయంటే అక్కడ జిడ్డు ఉన్నట్టు. నురుగు లేదని ఆ బీరును తిట్టుకోవద్దు, గ్లాసు మార్చి చూడండి.

సీసాలోనే గ్యాస్ పట్టిన ఇంటి బీరు అడుగున ఈస్ట్ మడ్డి పేరుకుని ఉంటుంది. సీసాను రెండు రోజుల ముందు నుంచే ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచాలి. తెచ్చేవాళ్లు కారు డిక్కీలో పడుకోబెట్టి తెస్తే మడ్డంతా లేచిపోతుంది, అందుకే మావాళ్లు శుక్రవారం రాత్రే తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తారు. ఇప్పుడు పోయడం. ఆరు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోయాలంటే సీసాను ఆరుసార్లు వంచి నిలబెడతాం, వంచిన ప్రతిసారీ మడ్డి ఒక అల లాగా పైకి వస్తుంది. మొదటి గ్లాసు తేటగా, ఆరో గ్లాసు మజ్జిగలా ఉంటుంది. అప్పుడు ఆరుగురం ఆరు వేర్వేరు బీర్ల గురించి మాట్లాడుకుంటున్నట్టే. అందుకని ఒక గాజు జగ్గు తీసుకోండి. సీసాను వంచి, జగ్గు గోడ వెంట ఒకే ధారగా, మధ్యలో ఆపకుండా పోయండి. మెడ దగ్గరికి మడ్డి చేరడం కనిపించగానే ఆపేయండి, వేలెడు మిగిలినా పర్వాలేదు. ఆ జగ్గులోంచి గ్లాసులకు పంచండి. ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లు చాలు. ఒక్క జర్మన్ గోధుమ బీరుకు మాత్రం ఇది వర్తించదు, దాని మడ్డిని కదిపి మరీ కలుపుకుంటారు.

మూత తీయగానే బుస్సుమని పొంగిపోయే సీసా వస్తే ఆ విడత సీసాలన్నిటినీ ఆలస్యం చేయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. సీసాలో గ్యాస్ పట్టడానికి వేసే చక్కెర ఎక్కువైనా, వేరే క్రిములు చేరినా అలా అవుతుంది, సీసాలు పేలే ప్రమాదం ఉంది. 5 గ్యాలన్లకు 115 నుంచి 140 గ్రాముల కార్న్ షుగర్ మామూలు లెక్క. కొలత కప్పులతో కాకుండా తూకం వేసి వేయండి.

వరస కూడా ముఖ్యం. తేలికవి ముందు, చేదువి తర్వాత, నల్లవి, ఆల్కహాల్ ఎక్కువున్నవి ఆ తర్వాత, పుల్లటివి చివర. ఫ్రిజ్‌లోంచి తీసిన పావుగంట, ఇరవై నిమిషాల తర్వాతే పోయాలి. మరీ చల్లటి బీరులో వాసన ఉండదు, తప్పులు కూడా దాక్కుంటాయి. స్టౌట్ లాంటి నల్ల బీర్లు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా మాట్లాడతాయి.

పోసిన వెంటనే వాసన చూడండి, ఎందుకంటే కొన్ని వాసనలు అర నిమిషంలోనే ఎగిరిపోతాయి. తర్వాత గ్లాసు మీద అరచెయ్యి మూసి, కాస్త తిప్పి మళ్లీ చూడండి. అప్పుడు రంగు, తేటదనం, నురుగు. అప్పుడు గుక్క. వైన్ వాళ్లలా ఉమ్మేయొద్దు, మింగాక వచ్చే చేదు, ముక్కు వెనక నుంచి వచ్చే వాసన కూడా లెక్కలోకి వస్తాయి. ఇదంతా రెండు నిమిషాలు, ఎవరూ మాట్లాడకూడదు. కాగితం మీద రాసుకోవాలి. ఈ మౌనం విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఒకరు ముందుగా "అరటిపండు" అన్నారంటే మిగతా ఐదుగురికీ అరటిపండే వస్తుంది. బీరు చేసినవాళ్లు ఏం వేశారో ముందే చెప్పకూడదు, "ఈసారి సరిగ్గా రాలేదు" అని క్షమాపణతో మొదలుపెట్టనూ కూడదు.

మార్కులు వేసుకోవాలనుకుంటే పోటీల్లో బీజేసీపీ (బీరు జడ్జిలకు పరీక్ష పెట్టి గుర్తింపు ఇచ్చే సంస్థ) జడ్జిలు వాడే 50 మార్కుల కాగితం ఉంది. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. మేము ఏడాదికి రెండుసార్లు మాత్రమే మార్కులు వేస్తాం. మార్కులుంటే మాటలు తగ్గిపోతున్నాయి.

మాటల విషయానికొస్తే, తెలుగులోనే రాయండి. ఉగాది పచ్చడి తిని పెరిగినవాళ్లకు చేదు వేరు, వగరు వేరు అని ఎవరూ నేర్పనక్కర్లేదు. మా గుంపులో ఉన్న ఇద్దరు అమెరికన్లు ఈ రెండింటినీ చాలాకాలం కలిపే చెప్పేవాళ్లు. చేదు నాలుక మీద తగులుతుంది, హాప్స్ నుంచి వస్తుంది, అది ఉండాల్సిందే. వగరు నోటిని పట్టేస్తుంది, నేరేడు పండు తిన్నట్టు, టీ పొడి ఎక్కువసేపు మరిగినట్టు. అది మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) పొట్టు నుంచి దిగినది. మాల్ట్‌ను 77 డిగ్రీలు దాటిన నీళ్లతో కడిగినా, మరీ ఎక్కువ నీళ్లతో కడిగినా వస్తుంది. "చేదుగా ఉంది" అని చెబితే చేసినవాడు హాప్స్ తగ్గిస్తాడు, వగరు మాత్రం అలాగే ఉంటుంది. ఒక్క మాట తేడాతో మూడు విడతలు పోయాయి మా గుంపులో ఒకడికి.

చేదులోనూ వేపపువ్వు చేదు, మెంతుల చేదు, మాడిన కాఫీ గింజ చేదు ఒకటి కావు. స్టౌట్‌లో మూడోది ఉంటే సరే, లేత రంగు పేల్ ఏల్‌లో ఉంటే మాల్ట్ ఎంపిక చూసుకోవాలి. పులుపు కూడా అంతే. పెరుగు పులుపా, వెనిగర్ పులుపా అన్నది రాయండి. నేను బెర్లినర్ వైస్ అనే పుల్లటి బీరు చేసినప్పుడు వర్ట్‌ను (మాల్ట్ నుంచి తీసిన, ఇంకా పులియని తీపి రసం) 42 డిగ్రీలకు చల్లార్చి, ఇంట్లో పెరుగుకు తోడు పెట్టినట్టే రెండు చెంచాల పెరుగు వేసి మూత పెట్టాను. మర్నాటికి చక్కటి పెరుగు పులుపు. వెనిగర్ పులుపు వస్తే మాత్రం గాలి తగిలిందని, వేరే బ్యాక్టీరియా చేరిందని అర్థం. జర్మనీలో లైప్‌జిగ్ వైపు చేసే గోజ అనే పుల్లటి బీరులో ఉప్పు, ధనియాలు వేస్తారు. దాన్ని మా అమ్మ వాసన చూసి "ఇది మజ్జిగే కదరా" అంది. నాకు అంతకంటే మంచి వర్ణన ఇప్పటిదాకా దొరకలేదు.

కాస్కేడ్ అనే హాప్స్ 1972లో వచ్చింది, అమెరికన్ పేల్ ఏల్‌కు గుర్తింపు తెచ్చినది అదే. దాని వాసనను పుస్తకాలు గ్రేప్‌ఫ్రూట్ అంటాయి. మా వదిన "పంపరపనస తొక్క" అని రాసింది. గోధుమ బీరులో వచ్చే అరటిపండు వాసనను ఆమే "బాగా మగ్గిన చక్కెరకేళి" అంది, లవంగం కూడా పట్టుకుంది. ఆ రెండూ ఆ ఈస్ట్ ఇచ్చేవే. కాస్త వెచ్చగా పులియబెడితే అరటిపండు పెరుగుతుంది.

తప్పులను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఒక ప్రయోగం చేసి చూడండి. హాప్స్ బాగా వేసిన పేల్ ఏల్‌ను రెండు గ్లాసుల్లో పోయండి. ఒకటి అలమరలో పెట్టండి, రెండోది మిట్టమధ్యాహ్నం ఎండలో పావుగంట ఉంచండి. తర్వాత రెండింటినీ పక్కపక్కన వాసన చూడండి. మా పెరట్లో జులై ఎండకు పది నిమిషాలే పట్టింది. ఎండలో పెట్టినదాంట్లోంచి రాత్రి హైవే మీద స్కంక్ అనే కంపు జంతువు దాటిపోయినప్పుడు వచ్చే ఘాటు కొట్టింది. వెలుతురు హాప్స్ చేదు పదార్థాన్ని విరగ్గొట్టడం వల్ల వచ్చే వాసన అది. అందుకే గోధుమరంగు సీసాలే వాడాలి, ఆకుపచ్చవి, తెల్లవి ఆపలేవు. ఒక్కసారి చూసినవాళ్లు ఆ వాసన మళ్లీ మరిచిపోరు.

మా ఆవిడ బీరు తాగదు, వాసన మాత్రం చూసి పెడుతుంది. ఒకసారి నా పోర్టర్ (ముదురు రంగు బీరు) గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "వానకు తడిసిన అట్టపెట్టె" అంది. నిజమే. ఆ పోర్టర్ సీసాల పెట్టెను ఆగస్టు నెలంతా గరాజులోనే వదిలేశాను, ఇక్కడ ఆ నెలలో గరాజు లోపల 40 డిగ్రీలు దాటుతుంది. సీసాలోకి పోసేటప్పుడు కలిసిన గాలి వేడికి పనిచేసి బీరును ముసలిదాన్ని చేసింది. ఇప్పుడు గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి చప్పుడు లేకుండా నింపుతాను, సీసాలు ఇంట్లోనే ఉంచుతాను. బ్యాండ్‌ఎయిడ్ వాసన, ఆసుపత్రి వాసన వచ్చిందంటే కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను అనుమానించండి. దాన్ని పోగొట్టే క్యాంప్‌డెన్ బిళ్ల 20 గ్యాలన్లకు ఒక్కటి సరిపోతుంది. ఉడికించిన మొక్కజొన్న వాసనైతే మరిగించేటప్పుడు మూత తీసి ఉంచండి, పిల్స్‌నర్ అనే లేత రంగు మాల్ట్ వాడితే గంటన్నర మరిగించండి.

వెన్న సంగతి మళ్లీ చెప్పాలి, ఎందుకంటే అది నాలాగే చాలామందిని మోసం చేస్తుంది. పులవడం నెమ్మదించగానే బీరును 20 డిగ్రీలకు తెచ్చి మూడు రోజులు వదిలేయండి. చల్లబరిచే ముందు రెండు చిన్న గ్లాసుల్లో కొంచెం కొంచెం తీయండి. ఒకదానికి ఫాయిల్ మూత పెట్టి 60 నుంచి 65 డిగ్రీల వేడి నీళ్ల గిన్నెలో అరగంట ఉంచండి, తర్వాత చల్లార్చి రెండూ వాసన చూడండి. వేడి చేసినదాంట్లో వెన్న వచ్చిందంటే ఈస్ట్ పని ఇంకా పూర్తికాలేదు, మరో రెండు రోజులు ఆగండి. రెండింటిలోనూ లేకపోతే చల్లబరచండి.

రెండు నిమిషాల మౌనం అయ్యాక అందరూ రాసింది చదువుతారు. చేసినవాళ్లు చివర్లో మాట్లాడతారు. ఏ ఈస్ట్, ఎన్ని డిగ్రీలు, సీసాలోకి ఎప్పుడు దించారు, నీళ్లు ఎక్కడివి. మేం రాసిన మాట, వాళ్లు చెప్పిన వివరం ఒకదానికొకటి అతికిన చోట చేసినవాళ్లు నోటుబుక్కులో గీత గీసుకుంటారు. పెద్దవాళ్ల బీరు కాబట్టి మొహమాటపడటం, చిన్నవాళ్లది కాబట్టి చులకన చేయడం మా దగ్గర లేవు. గ్లాసుల మీద అంకెలు మాత్రమే ఉంటాయి, పేర్లు ఉండవు.

ఆరు రకాలు, ఒక్కోటి 50 మిల్లీలీటర్లు, దాదాపు మూడు గంటలు పడుతుంది. కారు నడపాల్సినవాళ్లు వాసన మాత్రం చూస్తారు, లేదంటే రాత్రికి మా ఇంట్లోనే పడుకుంటారు. తర్వాత బిర్యానీ, పకోడీలు బయటికి వస్తాయి. పోయేముందు ప్రతి బీరు నుంచి రెండు సీసాలు మా ఫ్రిజ్ అడుగు అరలో వదిలి వెళ్తారు. మూతల మీద తేదీ, అంకె రాసి ఉంటాయి. మూడు నెలల తర్వాత మళ్లీ తెరుస్తాం, పాత కాగితాలు పక్కన పెట్టుకుని.