హారర్ కథను నలుగురిలో చదివి వినిపించడం ఎలా?

హారర్ కథ చదివి వినిపిస్తామని కూర్చుని, అసలు భయపెట్టే వాక్యం దగ్గరికి రాగానే గొంతు పెంచి అరిచేవాళ్లను చాలామందిని చూశాను. వినేవాళ్లు ఒక్కసారి ఉలిక్కిపడతారు, మరుక్షణం నవ్వేస్తారు, ఇక ఆ కథ అక్కడితో అయిపోయినట్టే. తర్వాతి పేజీల్లో రచయిత ఎంత బాగా రాసి ఉన్నా ఎవరి చెవికీ ఎక్కదు. ఏళ్లుగా స్నేహితుల మధ్య ఇలాంటి కథలు చదువుతున్నాను, ఈ ఒక్క తప్పు గురించి వివరంగా చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. మిగతావి సులువే కాబట్టి ముందు వాటిని గబగబా ముగించేస్తాను.

కావలసినవి

కాగితం మీద ఉన్న కథ, ఒక దీపం, ఒక పెన్సిల్, గ్లాసు మంచినీళ్లు. వినడానికి ఎనిమిది మందికి మించి వద్దు. ఫోన్‌లో చూసి చదవకూడదు. తెర వెలుగు మీ మొహం మీద పడితే అందరూ మీ మొహాన్నే చూస్తారు, వాళ్లు చూడాల్సింది కథను. దీపం మీ భుజం వెనక నుంచి పేజీ మీద పడాలి. గడ్డం కింద టార్చి పెట్టుకునే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, దయచేసి వద్దు. మన కళ్లు చీకటికి బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది కాబట్టి మొదలుపెట్టే ముందే లైట్లు తగ్గించి, అందరి ఫోన్లూ పక్క గదిలో పెట్టించండి. మధ్యలో ఒక్క తెర వెలిగినా అలవాటు పడిన చూపంతా పోతుంది.

కథ ఎంపిక

ఒకేసారి కూర్చుని పూర్తిచేయగలిగే కథే తీసుకోవాలి. అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1846లో రాసిన వ్యాసంలో కూడా ఇదే అన్నారు, రచన ఒకేసారి కూర్చుని చదవలేనంత పొడవుంటే దాని మొత్తం ప్రభావం దెబ్బతింటుందని. బయటికి చదివేటప్పుడు నాకు నిమిషానికి సుమారు 100 పదాలు వస్తాయి, కాబట్టి 3,000 పదాల కథకు అరగంట. అది చాలు. నవలలోంచి ఒక అధ్యాయం తీసి చదివితే ముందు కథ చెప్పుకోవడానికే సగం టైమ్ పోతుంది.

చెవి కోసం రాసిన కథ అయితే ఇంకా మంచిది. ఇంగ్లిష్ రచయిత ఎం.ఆర్. జేమ్స్ తన దెయ్యాల కథల్లో చాలావాటిని కేంబ్రిడ్జ్‌లో మిత్రులకు చదివి వినిపించడానికే రాశారు. 1893 అక్టోబర్ 28న అక్కడి ఒక చిన్న సాహిత్య సంఘంలో రెండు కథలు చదివారు, ఆయన కథలు పుస్తకంగా వచ్చింది మాత్రం 1904లో. చెవి కోసం రాసినవి కాబట్టే వాటిలో దెయ్యం కనిపించేది చాలా కొద్దిసేపు, అది కూడా కంటి చివర్లో కనిపించినట్టు ఉంటుంది. వినేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే.

ముందుగా రెండుసార్లు

ఒంటరిగా, పూర్తి గొంతుతో, రెండుసార్లు చదవండి. మనసులో చదువుకుంటే లెక్కలోకి రాదు, ఎందుకంటే నాలుక ఎక్కడ తడబడుతుందో కళ్లకు తెలియదు. ఫ్యాంటసీ కథైతే అందులోని మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఎలా పలకాలో ముందే తేల్చుకోండి. రాజ్యం పేరు ఒక్కో పేజీలో ఒక్కోలా పలికితే ఆ రాజ్యాన్ని ఎవరూ నమ్మరు. సైన్స్ ఫిక్షన్ అయితే కొత్త యంత్రం పేరు మొదటిసారి వచ్చినప్పుడు కాస్త నెమ్మదించాలి, అంతే.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి. చార్లెస్ డికెన్స్ తన ఆలివర్ ట్విస్ట్ నవలలోని నాన్సీ హత్య ఘట్టాన్ని 1869లో వేదికల మీద చదివేటప్పుడు వాడిన ప్రతిలో, పేజీ అంచున 'చివరిదాకా భయం' అని రాసుకున్నారు. అంత గొప్ప రచయిత, తను రాసిన కథనే చదువుతూ గుర్తులు పెట్టుకున్నప్పుడు మనం పెట్టుకోకపోవడం ఏమిటి? ఆ ఘట్టం చదివాక మామూలుగా 72 ఉండే ఆయన నాడి 110 దాటేదట. చదివేవాడికి కథ పట్టాలి, నిజమే, కానీ ఆ వేడి గొంతులోకి రాకుండా చూసుకోవడమే మన పని.

ఆగే చోటు

ఇప్పుడు అసలు విషయం. భయం పుట్టేది మీరు చదివే వాక్యంలో కాదు, దానికి ముందు మీరు ఆగిన చోట. ఇది మీ చేతిలోకి వస్తే మిగతా తప్పులన్నీ వినేవాళ్లు క్షమిస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 'ఆమె దీపం ఆర్పి పడుకుంది. పక్క గదిలో ఎవరో దీపం వెలిగించారు.' చాలామంది ఇక్కడ 'పక్క గదిలో ఎవరో దీపం...' అని సాగదీసి, ఊపిరి బిగబట్టి, 'వెలిగించారు!' అని వదులుతారు. ఇది తప్పు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, 'పక్క గదిలో ఎవరో దీపం' అనేసరికే వినేవాడి బుర్ర మిగతా మాట పూర్తి చేసేస్తుంది. వాడికి తెలిసిపోయిన మాట కోసం మీరు వాడిని ఆపి ఉంచారు, అందుకే అది నాటకంలా వినిపిస్తుంది. ఆగాల్సింది 'పడుకుంది' తర్వాత. అక్కడ వాక్యం పూర్తయింది, ఆమె పడుకుంది, ఇల్లు చీకటి, అంతా సద్దుమణిగినట్టే ఉంది. ఆ చీకట్లో వినేవాళ్లను కాసేపు వదిలేయాలి. తర్వాత రెండో వాక్యం మొత్తం ఒకే ఊపిరిలో, ఎక్కడా నొక్కకుండా, పాల లెక్క చెప్పినంత మామూలుగా చదివేయాలి.

ఎంతసేపు ఆగాలి? ఒక్కసారి పూర్తిగా గాలి పీల్చి వదిలేంత సేపు. అంటే దాదాపు మూడు సెకన్లు. చదివేవాడికి అది చాలా పొడవుగా అనిపిస్తుంది, మధ్యలోనే టెన్షన్ వచ్చి చదివేయాలనిపిస్తుంది. ఆగండి. ఐదు సెకన్లు దాటితే మాత్రం మీరు వరస మర్చిపోయారేమో అని వాళ్లు మీ వైపు చూస్తారు, అప్పుడు కథలోంచి బయటికి వచ్చేసినట్టే. ఆ మూడు సెకన్లలో మీ కళ్లు పేజీ మీదే ఉండాలి. తలెత్తి ఎవరి మొహంలోకైనా చూశారంటే ఆ మనిషి నవ్వుతారు, లేదా తల తిప్పుకుంటారు, ఏదైనా నష్టమే.

పేజీ తిప్పే చోటు అక్కడ పడకూడదు. ఒకసారి నేను ఇది చూసుకోలేదు. అద్భుతమైన కథ, తొమ్మిది మంది ఊపిరి బిగబట్టి ఉన్నారు, సరిగ్గా ఆగాల్సిన చోట పేజీ అయిపోయింది. కాగితం గరగరమంది, ఎవరో గొంతు సవరించుకున్నారు, ఇంకెవరో కుర్చీ జరుపుకున్నారు, తర్వాతి వాక్యం గాల్లో కలిసిపోయింది. అప్పటినుంచి ఆ రెండు మూడు వాక్యాలనూ చేత్తో రాసుకుని ముందు పేజీ కింద అంటించుకుంటున్నాను.

ఇంకో జాగ్రత్త, కథ మొత్తంలో ఇలా ఆగేది రెండుసార్లే. మూడోసారికి వాళ్లు కనిపెట్టేస్తారు, మీరు ఆగగానే ఏదో వస్తుందని సిద్ధమైపోతారు. మీ ప్రతిలో పెన్సిల్ గుర్తులు ఆరేడు ఉంటే కూర్చుని నాలుగైదు చెరిపేయండి. ఏవి ఉంచాలో తేలకపోతే, ఆపదేమిటో పాత్రకు ఇంకా తెలియకముందు వినేవాడికి తెలిసిపోయే చోటు ఉంచండి.

అరుపు ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. పెద్ద శబ్దానికి ఉలిక్కిపడటం శరీరం పని, దానికి కథ అక్కర్లేదు, పళ్లెం కింద పడినా ఉలిక్కిపడతాం. ఇంగ్లిష్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన ఒక వ్యాసం ఆమె చనిపోయాక 1826లో అచ్చయింది. అందులో ఆమె భయాన్ని, బీభత్సాన్ని వేరుచేసి చూపిస్తారు. రాబోయేదాని గురించిన భయం మనసును విప్పుతుంది, ఎదురుగా వచ్చి పడిన బీభత్సం దాన్ని ముడుచుకుపోయేలా చేస్తుంది అంటారు. మనం చదివేది మొదటిదాని కోసం.

సినిమా కంటే చదివిన కథే గొప్పదని నేను గట్టిగా నమ్మేది కూడా ఇందుకే. ఒకసారి కథ అయ్యాక, మెట్ల మీద కనిపించింది ఎలా ఉందో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగాను. కథలో ఉన్నది 'తడిసిన చెయ్యి' అనే రెండు మాటలే. ఒకరు చిన్నపిల్ల అన్నారు, ఒకరు తల లేదన్నారు, ఒకామె అది తన అత్తయ్యలా ఉందని చెప్పి తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఏ తెర మీదా ఒకేసారి ఇన్ని దెయ్యాలు రావు.

కథ అయ్యాక

చివరి వాక్యం చదివాక కాగితం మూయకండి, 'అయిపోయింది' అని చెప్పకండి, వెంటనే లైటు వేయకండి. ముందు మాట్లాడేది వినేవాళ్లే కావాలి. ఆ రాత్రి రెండో కథ అడుగుతారు, కచ్చితంగా అడుగుతారు, చదవకండి. బదులుగా వాళ్లనే రాయమని అడగండి. 1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గర వానకు ఇంట్లో చిక్కుకుపోయిన మిత్రులు జర్మన్ దెయ్యాల కథలను ఫ్రెంచ్ అనువాదంలో చదువుకున్నారు, తలా ఒక కథ రాద్దామని వాళ్లలో ఒకరైన కవి బైరన్ ప్రతిపాదించారు, అందులోంచే మేరీ షెల్లీ నవల ఫ్రాంకెన్‌స్టైన్ పుట్టి 1818లో అచ్చయింది.

రాయడం ఎవరికీ ఇష్టం లేకపోతే, వచ్చేసారి చదివే మనిషిని అక్కడే ఎంచుకుని మీ దగ్గరున్న ఇంకో కథ చేతిలో పెట్టండి. దాని మీద మీ పెన్సిల్ గుర్తులు ఉంటే చెరిపేసి ఇవ్వండి. వాళ్ల ఊపిరి వేరు, ఎక్కడ ఆగాలో వాళ్లే వెతుక్కోవాలి.