ఈ ఏటి మేటి సినిమాకి ఆన్‌లైన్‌లో ఓటింగ్ పెట్టడం ఎలా?

డిసెంబర్ ఆఖరి వారం వచ్చిందంటే ప్రతి సినిమా గ్రూపులోనూ ఎవరో ఒకరు పోల్ పెడతారు. కాసేపటికే అది ఏ హీరో ఫ్యాన్స్ ఎక్కువమంది ఆన్‌లైన్‌లో ఉన్నారో తేల్చే లెక్క అయిపోతుంది. ఆస్కార్ వాళ్లకే ఈ తిప్పలు తప్పలేదు. 2022లో అకాడమీ ట్విట్టర్‌లో ఫ్యాన్ ఫేవరెట్ ఓటింగ్ పెట్టి, ఒక్కో అకౌంట్ నుంచి రోజుకి 20 ఓట్ల దాకా వేసుకోనిచ్చింది. ఒక్క నామినేషన్ కూడా దక్కని 'ఆర్మీ ఆఫ్ ది డెడ్' గెలిచింది. అదే రాత్రి అకాడమీ సభ్యుల ఓట్లతో ఉత్తమ చిత్రం అయింది 'కోడా'. ఓటర్లు వేరు, నిజమే. ఓటు వేయించిన పద్ధతి కూడా వేరు. మీరు బుర్ర పెట్టాల్సింది ఆ పద్ధతి మీదే.

ముందు జాబితా తేల్చండి. ఏది ఈ ఏటి సినిమా? జాతీయ అవార్డులకైతే సెన్సార్ సర్టిఫికెట్ తేదీ చూస్తారు. మనకి థియేటర్లో విడుదలైన తేదీ చాలు, నేరుగా ఓటీటీకి వచ్చినవాటికి అక్కడి తేదీ. డబ్బింగ్ సినిమాలు ఉంటాయో లేదో కూడా ఇప్పుడే చెప్పేయండి. ఓట్లు పడ్డాక చెబితే గొడవే. జాబితాలో ప్రతి పేరు పక్కన విడుదల నెల రాయండి. 2024నే తీసుకోండి: 'హనుమాన్' జనవరి 12న వచ్చింది, 'పుష్ప 2' డిసెంబర్ 5న. ఏడాది చివర్లో అడిగితే సంక్రాంతి సినిమా గుర్తుకి రావాలంటే దాని పేరు కళ్ల ముందు ఉండాలి.

ఓటింగ్ డిసెంబర్‌లో కాకుండా జనవరి నెలాఖరున పెట్టండి. ఈలోగా చిన్న సినిమాలు చాలావరకు ఓటీటీలోకి వచ్చేస్తాయి, పండగ హడావుడీ తగ్గుతుంది.

ఇక పోల్ ఎక్కడ? వాట్సాప్ పోల్ సులువే కానీ 12 ఆప్షన్లకి మించి పట్టవు. పైగా మామూలుగా ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది. అది చూసి మొహమాటానికి వేసేవాళ్లు కొందరు, పంతానికి వేసేవాళ్లు కొందరు. గూగుల్ ఫామ్స్ మేలు. అందులో గ్రిడ్ ప్రశ్న తీసుకుని అడ్డ వరసల్లో సినిమాలు, నిలువు వరసల్లో 1 నుంచి 5 దాకా ర్యాంకులు పెట్టండి. ఒక నిలువు వరసకి ఒకే జవాబు అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఒకే ర్యాంకు రెండు సినిమాలకి ఇవ్వలేరు. సినిమాల వరుస ఒక్కొక్కరికీ మారేలా షఫుల్ పెట్టండి. ఒక్కసారే జవాబు ఇచ్చేలా చూసుకోండి. అప్పుడు గూగుల్ లాగిన్ అడుగుతుంది, దొంగ ఓట్లు పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గుతాయి. మధ్యలో ఫలితాలు ఎవరికీ చూపించకండి. తమ సినిమా వెనకబడిందని తెలిస్తే చాలు, ఫ్యాన్స్ లింకు పట్టుకుని పక్క గ్రూపులకి పరిగెత్తుతారు.

లెక్కింపు దగ్గర కాస్త ఓపిక కావాలి. 21 మంది ఓటేశారనుకోండి. మొదటి ర్యాంకులు ఎ సినిమాకి 8, బి సినిమాకి 7, సి సినిమాకి 6 వచ్చాయి. మామూలు పోల్‌లో ఎ గెలిచినట్టే, 13 మంది వేరేవాటిని కోరుకున్నా సరే. ర్యాంకుల పద్ధతిలో ఎవరికీ సగం దాటలేదు కాబట్టి అట్టడుగున ఉన్న సి పోతుంది. ఆ ఆరుగురూ రెండో ర్యాంకు బికి ఇచ్చి ఉంటే ఆ ఓట్లు దానికి చేరి 13 అవుతాయి, బి గెలుస్తుంది. ఆస్కార్ ఉత్తమ చిత్రాన్ని తేల్చేది కూడా ఈ పద్ధతిలోనే. సినిమాలు ఎక్కువైతే ఇలాగే ఒక్కోటి తీసేస్తూ పోవాలి. ఒకరు ర్యాంకు ఇచ్చిన ఐదూ పోతే ఆ ఓటు లెక్కలోంచి తప్పుకుంటుంది. ఎక్సెల్ షీట్ ఉంటే ఒక పూట పని.

మార్కులు వేయించే పద్ధతి మాత్రం వద్దు. అవతలి హీరో సినిమాకి ఒకటి, మనవాడికి పది, అంతే.

ఫామ్‌లో ఇంకో ప్రశ్న చేర్చండి: వీటిలో ఏవేవి చూశారు? గ్రూపులో పది మందే చూసిన సినిమా ర్యాంకుల్లో ఎలాగూ పైకి రాదు. కానీ ఆ పదిమందిలో ఎనిమిది మంది తమ మొదటి ఐదులో పెట్టారంటే అందరికీ తెలియాల్సిన సంగతే. చూసినవాళ్లలో ఎంతమందికి నచ్చిందో విడిగా ఒక పట్టిక వేయండి. నా మటుకు నాకు విజేత కంటే ఈ పట్టికే ఇష్టం, వచ్చే శనివారం ఏం చూడాలో అందులో దొరుకుతుంది.

చివర్లో రెండు సినిమాలకి సమానంగా వస్తే? మొదటి ర్యాంకులు ఎక్కువ ఉన్నది గెలుస్తుందని ముందే రాసిపెట్టండి. అవీ సమానమైతే ఇద్దరినీ విజేతలుగా ప్రకటించేయండి, చీటీలు తీసి కొత్త గొడవ తెచ్చుకోకండి.