బస్సు ప్రయాణాలు, మూత్రంలో మంట: నాకు ఎట్లా తగ్గిందంటే

వారానికి నాలుగు రోజులు నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ దాకా డ్యూటీ మీద బస్సులో పోతా. 2023 డిసెంబర్‌లో ఆడోళ్లకు బస్సులో పైసల్లేని జీరో టికెట్ వచ్చి చార్జీ ఖర్చు పోయింది గానీ, మంట పోలేదు. నెలకోసారి మూత్రంలో మంట, చలిజ్వరం. బార్లీ నీళ్లు, సబ్జాలు, మెడికల్ షాపులో అడిగి మింగిన గోలీలు, అన్నీ అయినయి. అసలు తప్పు నాదే: నడుమ దిగాల్సొస్తదని పొద్దటి సంది చుక్క నీళ్లు ముట్టకపోయేదాన్ని.

ముందు డాక్టరమ్మ మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్ష చేయించింది, రాసిన కోర్సు మొత్తం వాడిన. ఆ తర్వాత సీసా. లీటరు సీసాకు మూడు రబ్బరు బ్యాండ్లు వేసిన. లేవంగనే రెండు గ్లాసులు, ఇల్లు దాటే ముందు ఒకసారి బాత్రూం. బస్సులో గుటక గుటక. దేవరకొండ వచ్చేసరికి నీళ్లు మొదటి బ్యాండు కిందికి దిగాలె. బస్టాండ్‌ల దిగంగనే, వచ్చినా రాకున్నా పోవుడే. బాత్రూం కాడ ఇచ్చే చిల్లర చున్నీ కొసకు ముడేసుకుంటా. నవ్వుకోండి, బ్యాగులో వెతికేలోపు బస్సు కదుల్తది.

ఐదు నెలలైంది, మళ్లీ రాలేదు. మందుతోనా, నీళ్లతోనా అంటే చెప్పలేను. షుగరున్నోళ్లకు, గర్భిణులకు ఇంతే సరిపోతదనుకోను. జ్వరం, నడుము నొప్పి తోడైతే సీసా పక్కనపెట్టి దవాఖానకు పోండి.