కాలువలు కట్టేసేలోపు: ఊరి నీటి కమిటీలో మహిళలు చేయవలసిన పని

గోదావరి డెల్టాలో దాళ్వా (రెండో పంట వరి) చేలకు నీరందించడం పూర్తి కాగానే, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను మరమ్మతుల కోసం కట్టేస్తారు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు వేసినా చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది కాబట్టి, మళ్లీ కాలువ వచ్చే దాకా నిల్వ చెరువే దిక్కు. అందువల్ల కమిటీలో చేరిన మహిళలు కుళాయి కంటే ముందు చెరువును పట్టించుకోవాలి.

ఇంటింటికీ కుళాయి నీరివ్వడానికి కేంద్రం 2019లో మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో 10 నుంచి 15 మంది సభ్యులు ఉండాలి. వారిలో సగం మంది మహిళలు కావాలి. కాగితం మీద ఉన్నారో లేదో తెలుసుకోవడానికి పంచాయతీ కార్యదర్శిని సభ్యుల జాబితా అడిగి, దానిని గ్రామసభలో చదివించండి. తన పేరు జాబితాలో ఉన్న సంగతే తెలియని సభ్యురాలు ఒక్కరైనా కనబడవచ్చు. సమావేశం ఉదయం పది గంటలకు పెడితే కూలికి వెళ్లేవారు రాలేరు. సాయంత్రానికి మార్పించి, ఎవరి సంతకం వారే పెట్టాలని పట్టుబట్టండి. భర్త వచ్చి సంతకం చేసిపోయే పద్ధతిని మొదటి రోజే ఆపకపోతే తర్వాత ఆపడం కష్టం.

కాలువ కట్టే తేదీ తెలిసిన వెంటనే నలుగురు కలిసి చెరువు గట్టు మీదికి వెళ్లండి. తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడిందా, గట్టు ఎక్కడైనా కారుతోందా, పక్కనున్న రొయ్యల చెరువు నీరు ఇటు ఊరుతోందా అన్నవి చూసి, చెరువు పూర్తిగా నిండేలా చేయించండి. తూము గోడ మీద అడుగులు, అంగుళాలు రంగుతో గీయించి, ప్రతి సోమవారం మట్టం రాయండి. ఉదాహరణకు ఆరడుగుల నీరుండి వారానికి తొమ్మిది అంగుళాలు తగ్గుతోందనుకుందాం. అడుగున రెండడుగులు బురదనీరని తీసేస్తే నాలుగడుగులే మిగులుతుంది, అంటే అయిదు వారాలకు మించి రాదు. ఈ లెక్క చేతిలో ఉంటే, ట్యాంకర్లు కావాలని అధికారులను ముందే అడగవచ్చు.

సాగునీటి సంఘం సంగతి వేరు. 1997 నాటి చట్టం ప్రకారం అందులో సభ్యత్వం భూమిని బట్టి వస్తుంది కాబట్టి, పాసుపుస్తకంలో మీ పేరుందో లేదో చూసుకోండి.

ఇక నీటి పరీక్ష. ఊరికి అయిదుగురు మహిళలకు కిట్‌తో పరీక్షించడం నేర్పించాలన్నది ఆ మిషన్‌లోని ఏర్పాటే. పరీక్షకు నీటిని ట్యాంకు కింద కాకుండా శివారు కుళాయి వద్ద పట్టండి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. సూక్ష్మజీవుల పరీక్ష సీసా ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే నీటిలో మురుగు కలుస్తోందని అనుమానించాలి. మూత తీయకుండా దానిని సర్పంచ్ ముందు పెట్టి, పైపు మురుగు కాలువను దాటే చోటనే మొదట తవ్వించి చూడమనండి.