లేవగానే కళ్లు తిరగడం: నా అనుభవం

నాకు 68 ఏళ్లు. రాత్రివేళ మూత్రానికని మంచం దిగిన ప్రతిసారీ కళ్లు చీకట్లు కమ్మేవి; ఒకసారి గుమ్మం పట్టుకొని కూలబడ్డాను. నీరసమేనని తీర్మానించుకొని నెల రోజులు కొబ్బరినీళ్లతో గడపడం నా పొరపాటు. చివరికి వైద్యుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాలలోపు మరొకసారి రక్తపోటు కొలిచినప్పుడు పై అంకె 142 నుంచి 114కు పడిపోయింది. నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుందనీ, వయసు మీరిన వారిలో రక్తనాళాలు వెంటనే బిగుసుకోలేవనీ, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే దానిని లోపంగానే పరిగణిస్తారనీ ఆయన వివరించారు. నా విషయంలో రక్తపోటు మాత్రకు తోడు, ప్రోస్టేట్ సమస్యకు మరొకచోట రాసిన టామ్సులోసిన్ కూడా కారణమని తేలింది. రెండు చీటీలనూ ఒకే వైద్యుడికి చూపించాలన్న ఆలోచన నాకు అంతవరకూ రానేలేదు. మాత్రల మోతాదునూ వేళలనూ ఆయనే మార్చారు, సొంతంగా ఏదీ మానవద్దని గట్టిగా చెప్పారు. ఇప్పుడు లేచే ముందు పాదాలను పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చొని, గోడ ఆసరాతో నిలబడుతున్నాను. నీళ్లు పగటిపూటే ఎక్కువగా తాగుతున్నాను. మూడు నెలలుగా తూలలేదు. వేడినీళ్ల స్నానం తరువాత మాత్రం ఇప్పటికీ కొద్దిగా తల తిప్పుతుంది గనుక, స్నానాలగదిలో ఒక ప్లాస్టిక్ స్టూలు వేయించుకున్నాను.